రషీదాబీ జబ్బ మీది పట్టీ

బీడీల చాట ఒళ్లో పెట్టుకునే ముందు రషీదాబీ ఒక లవంగం బుగ్గన పెట్టుకుంటుంది. పరగడుపున తంబాకు వాసన ఆమెకు పడదు. కోరుట్లలో ఆమెతోపాటు బీడీలు చుట్టే ఆడవాళ్లు "పెండ్లిపిల్ల లెక్క తయారైంది" అని నవ్వుతారు.

సకల జనుల సమ్మె జరిగిన ఆ సెప్టెంబరులో లవంగం కూడా లేదు. రంజాన్‌లో జబ్బుచేసి విడిచిన రోజాలను తీర్చుకుంటోంది. ఒంట్లో బి12 తక్కువైందని జగిత్యాల డాక్టరు గోలీలు రాశాడు. తెల్లవారుజామున సహరీలో మింగితే తిన్నదంతా బయటికొచ్చేది. మానేస్తే కాళ్లు తిమ్మిరెక్కేవి.

అప్పుడే దుబాయ్ నుంచి తమ్ముడు మొహసిన్ వచ్చాడు.

"గీ పట్టీ జబ్బకు అతికిచ్చుకో ఆపా. విటమిన్ తోలుల కెల్లి లోపటికి దిగుతది. గోలీల లొల్లే లేదు."

"మరి రోజా?"

"నోట్లె ఏస్తున్నవా ఏంది?"

ఆమెకు సగమే నమ్మకం కుదిరింది. మసీదులో అడిగించాలంటే భర్త బషీర్‌కు చెప్పాలి. చెబితే ముందు రోజాలే మానమంటాడు. మొహసిన్ అత్తగారి ఊరు సిరిసిల్లకు వెళ్లిపోయాడు. మర్నాడు సహరీ కాగానే రషీదాబీ ఎవరికీ చెప్పకుండా పొడుగు చేతుల జాకెట్టు కింద పట్టీ అతికించుకుంది.

పొద్దెక్కేసరికి చెమటలు పట్టాయి. రెండుసార్లు వాంతి అయింది. కత్తిరించిన ఆకు చేతిలోంచి జారిపోతోంది.

"రోజా ఇడువు రషీదా," అన్నాడు బషీర్.

"పొద్దుందాక ఓపిక పడత."

మాట పూర్తికాకుండానే చాట మీదికి ఒరిగిపోయింది.

బస్సులు లేవు. పక్కింటి లచ్చయ్య తన ఆటో తీశాడు. జగిత్యాల దారిలో ఊరు దాటగానే రోడ్డుకు అడ్డంగా రాళ్లపొయ్యిలు, వాటి మీద అన్నం గుండిగలు. సమ్మె చేసేవాళ్ల వంటావార్పు నడుస్తోంది.

"తెలంగాణ అచ్చిందాక గిటుకెల్లి గాలి సుత పోదు," అన్నాడు ఒకాయన.

"గాలి ఆపుకోండ్రి. గామెకు పానం పోతున్నది, జరుగుండ్రి," అన్నాడు లచ్చయ్య.

అక్కడ అన్నం వండుతున్న మొగిలవ్వ ఆటోలోకి తొంగిచూసి, గరిటె పక్కన పెట్టి చెంబుతో నీళ్లు తెచ్చింది. "తాగు బిడ్డా."

"రోజా ఉన్న అవ్వా."

"సచ్చినంక ఎవరుంటరే ఉపాసం?"

రషీదాబీ గుండె సిరిసిల్ల మరమగ్గంలా కొట్టుకుంటోంది. చూసినవాళ్లందరూ రోజా నీరసమనే అనుకుంటున్నారు. డాక్టరూ అదే అనుకుంటాడు. దాచినది దాచినట్టే ఉంచితే తనతోపాటే మట్టిలోకి పోతుంది. జాకెట్టు చెయ్యి పైకి లాగింది.

"మొహసిన్ ఇచ్చిండు. విటమిన్ అన్నడు."

బషీర్ వెంటనే సిరిసిల్లకు ఫోన్ కలిపాడు. మొహసిన్‌కు విషయం చెప్పాడు.

"దుల్హేభాయ్... సామాన్ల బరువు ఎక్కువైందని డబ్బాలు పారేసి అన్నీ ఒక్క కవర్ల కుక్కిన. నేను సిగరెట్లు బందు చేసెతందుకు కొనుక్కున్నయి సుత అండ్లనే ఉండె."

"అంటే?"

"గా పట్టీల తంబాకు మందుంటది. ముందుగాల పీకెయ్యుండ్రి."

బషీర్ పీకేశాడు. కింద తోలు ఎర్రగా కమిలి ఉంది. మొగిలవ్వ ఆ చెంబు నీళ్లతోనే జబ్బ కడిగింది. అడుగున మిగిలిన నీళ్లను, ఎవరూ చెప్పకుండానే, రషీదాబీ రెండు చేతులా పట్టుకుని తాగేసింది. ఉడుకుతున్న గుండిగను ఇద్దరు ఆడవాళ్లు గుడ్డలతో పట్టి పక్కకు దించారు. ఆ సందులోంచి ఆటో వెళ్లింది.

జగిత్యాలలో సెలైన్ ఎక్కించారు. "పొద్దంతా తంబాకుల చేతులు పెట్టే మనిషికి మళ్ల తంబాకు పట్టీనా," అని నర్సు బషీర్‌ను కోప్పడింది. సాయంత్రానికి గుండె దడ తగ్గింది. ఆనాటి రోజాను ఆమె చలికాలంలో తీర్చుకుంది.

ఇప్పుడు రషీదాబీ నెలకోసారి జగిత్యాలకు వెళ్లి బి12 సూది వేయించుకుంటోంది.