వేడి పోవడానికో రేకు తలుపు

నాంపల్లిలో మేం కిరాయికుంటున్న ఇంటి ఓనర్ అంకుల్ మంగళవారం పొద్దున పోయారు. కింది వాటాలో ఆక్సిజన్ మిషన్ చప్పుడు ఆగిపోయింది. నాకలా తెలిసింది.

విమానాలు బాగుచేసే ఉద్యోగంలో రిటైరై, పెరటి షెడ్డులో తనకోసం ఒంటిసీటు విమానం ఒకటి కట్టుకున్నారాయన. ఆంటీ దానికి 'నా సవతి' అని పేరు పెట్టింది. ఊరవతల ఎక్కడైనా ఒక్కసారి గాల్లోకి లేపితే చాలనేవారు.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఇంజిన్ స్టార్ట్ చేసేవారు. వేడి చూపే మీటరు ముల్లు చూసి చెప్పడం నా పని. ఐదు నిమిషాలకే వేడి ఎర్రగీత దాటేది. గాలి చాలట్లేదనుకుని ఇంజిన్ తొడుగు ముందున్న రంధ్రాలు పెద్దవి చేశాం. ఆబిడ్స్‌లో ఆకురాయి కొనుక్కొచ్చి నేనే అరగదీశాను. తేడా లేదు. ఇంకా పెద్దవి చేశాం. అప్పుడాయన నెత్తి కొట్టుకున్నారు.

"లోపటికొచ్చిన గాలి ఏడికెళ్లి పోతది బిడ్డా? గిన్నేండ్లు ఇంజిన్లతోనే బతికి గిది మర్చిపోయిన."

తొడుగు అడుగున కీలు పెట్టి ఒక రేకు తలుపు బిగించారు. కౌల్ ఫ్లాప్ అంటారట. సీటు దగ్గర పిడి లాగితే తెరుచుకుంటుంది. ఆ ఆదివారం ముల్లు గీతకు ఇవతలే ఆగింది.

"పైకెక్కేటప్పుడు తెరువాలె, పైన మూసెయ్యాలె. ఇంజిన్ ఆగినంక మల్ల తెరువాలె. వేడి లోపట ఉంచొద్దు."

ఆఫీసు మీద కోపంతో నేను ముఖం మాడ్చుకుని మెట్లెక్కుతుంటే కూడా అదే మాట. "ఏంది, లోపట్నే పెట్టుకుంటవా? జర తలుపు తెరువ్." అక్కడే కూర్చుని చెప్పుకునేదాన్ని. అంత ఓపిగ్గా నా మాట విన్నవాళ్లు ఇంకొకరు లేరు.

అంతలో పక్కవాళ్లు గోడ లేపారు. ఇంటికీ షెడ్డుకీ వీధిలోకి ఉన్న ఒకే సందు ఇరుకైంది. రెక్కలు ఊడదీసినా విమానం బయటికి రాదు. వెళ్లి అడగండంటే, "వాళ్ల జాగ వాళ్లది" అని ఊరుకున్నారు. నాకు మాత్రం ఆ గోడ మీద ఇప్పటికీ మంటే.

తర్వాత ఊపిరితిత్తులు చెడ్డాయి. పీల్చిన గాలి లోపలే చిక్కుకుంటోందన్నాడు లక్డీకాపూల్ డాక్టరు. అంకుల్ నావైపు చూసి నవ్వారు.

"ఎనకటి తప్పే బిడ్డా. గాలికి బయటి తొవ్వ లేదు."

ఆ నవ్వు నేను భరించలేకపోయాను.

బుధవారం శవపేటికను ఆ సందులోంచి ఏటవాలుగా ఒరిగించి బయటికి తెచ్చారు. సమాధుల తోట నుంచి రాగానే షెడ్డులోకి వెళ్లాను. రేకు తలుపు మూసి ఉంది. ఇంజిన్ ఎప్పుడో చల్లారిపోయింది. అయినా పిడి లాగాను. తలుపు కిందికి తెరుచుకుంది. అలాగే ఉంచి వచ్చాను.