దేవుడికి పనికిరాని కూడు

మా పుట్టింటి వాళ్లకు ఒక సిద్ధాంతం ఉండేది. పప్పు అమ్మవచ్చు, ఉడికించి అమ్మరాదు. బియ్యంలో రాళ్లు కలిపితే వ్యాపారం, అన్నం వండి అమ్మితే వంశనాశనం. గిద్దలూరు బజారులో తాతల నాటి నుంచి తక్కెడ పట్టిన కుటుంబం. పాపం కూడా వాళ్లు చెప్పిన వైపే మొగ్గేది.

ఆ ఇంట్లో పుట్టిన నేను మార్కాపురం సంతలో కూడు అమ్మడానికి కూర్చున్నాను. కారణం మా ఆయన. ఎవరేమడిగినా కాదనలేక అరువులిచ్చి, ఉన్న అంగడి మూసుకున్నాడు. కార్తీకంలో శ్రీశైలం పోయి, అక్కడి సన్యాసుల్లో కలిసిపోయాడు. ఆ కబురు తెచ్చిన యాత్రికులు నాకు దణ్ణం కూడా పెట్టారు, ఎంత పుణ్యాత్మురాలినో అని. పుణ్యం పొయ్యిలో మండదు.

వారం తిరక్కుండా పెద్దన్న వచ్చాడు.

"ఇంటికి వచ్చేయ్ అమ్మీ. మీ వదినకు నడుము నొప్పి. నీకింత ముద్ద దొరకదా?"

వదిన నడుము నొప్పికి మందేమిటో నాకు తెలుసు. ఆ ఇంటెడు మందికి రెండు పూటలా వండే మనిషి, అదీ ఊరికే. ఆ వంటింట్లోకి పోతే మళ్లీ బయటికి రావడం పాడె మీదే. ఉగాది దాకా గడువు అడిగాను.

"సరే. ఉగాదికి నీ పొయ్యి ఆరిపోతే మా పొయ్యికాడికి రావాల," అన్నాడు. చెల్లెలితో కూడా బేరం ఖాయం చేసుకునే కదిలాడు.

మొదటి సంతకు నేను చేసింది పులిహోర. రోజంతా నిలవుంటుంది, సంతలో పొయ్యి అక్కర్లేదు, నా చేతికి బాగా కుదురుతుంది. బేరాల మధ్య పెరిగిన దాని తెలివి అక్కడికే వచ్చి ఆగింది.

కొనకనమిట్ల నుంచి కందులు తెచ్చిన ఒక ముసలి రైతు నా ముందుకు వచ్చి చెప్పులు విడిచాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. కుడి అరచేతి కింద ఎడమచేయి ఆనించి చాపాడు. తిన్నాక ఇస్తాడులే అని పెట్టాను. కళ్లకద్దుకున్నాడు, నోట్లో వేసుకున్నాడు, చేయి తలకు రాసుకుని కదిలాడు.

"పెదనాయనా, అర్ధణా!"

"దేనికి తల్లీ?"

"తిన్నదానికి."

"ప్రసాదానికి దుడ్లేంది? ఈ ఊరి గుళ్లో చెన్నకేశవుడు ఎన్నడన్నా అడిగినాడా?"

"దేవుడికి పెట్టింది కాదిది. నేను ఇంట్లో చేసింది."

"గట్టిగా అనొద్దు తల్లీ, కళ్లు పోతాయి."

కళ్లు పోతాయట! బస్తా అడుగున పుచ్చు కందులు పోసి, పైన మంచివి కప్పుకొచ్చిన మనిషికి నా కళ్ల మీద అంత దిగులు. అతని వెనకే ఇంకొందరు చెప్పులు విడిచారు. సంత సుంకం వసూలు చేసే ఆశీలు వాడైతే ముందు నా దగ్గర ఆశీలు ముక్కుపిండి తీసుకుని, తర్వాత భక్తిగా చేయి చాపాడు.

రెండో సంతకు దుడ్లు ముందే అడిగాను. "పులిహోర కొనుక్కోని తినే కర్మ మాకేం పట్టింది?" అని అందరూ సాగిపోయారు. మధ్యాహ్నానికి ఒకే ఒక్కతె వచ్చింది, బస్తాలు దించే కిరస్తానపు కూలి మనిషి. దూరంగానే నిలబడింది.

"అమ్మా, అది బొమ్మకాడ పెట్టిందా?"

"కాదే."

"నిజం చెప్పమ్మా. బొమ్మకు పెట్టింది మేం తినగూడదు."

"ఒట్టు. ఏ దేవుడూ దీని మొహం చూడలేదు."

"అయితే ఇయ్యి. ఇదిగో దుడ్డు."

పుట్టింటి మడి ప్రకారం ఆకులోకి పైనుంచి వదిలాను. నాణెం మీద నీళ్లు చల్లి తీసుకున్నాను. మా మడి లోతు అంతే. నీళ్లు చల్లాలి గానీ నాణేన్ని వదులుకోకూడదు.

ఆమె తిని మూతి తుడుచుకుంది. "బాగనే ఉంది గాని ఉల్లిగడ్డ లేదేందమ్మా? ఉల్లిగడ్డ లేకపోతే అది గుళ్లో కూడే గదా!" అని నవ్వుకుంటూ పోయింది.

ఇంత చిన్న సంగతి నా తలకు తట్టనందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఉల్లి, వెల్లుల్లి పడిన వంట ఏ దేవుడికీ పనికిరాదు. దేవుడికి పనికిరానిదాన్ని ఎవరూ ఊరికే అడగరు.

మూడో సంతకు పొయ్యి అక్కడే పెట్టాను. బొరుగులు తడిపి నీళ్లు పిండేసి, ఉల్లిగడ్డలు దండిగా తరిగి, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు దంచి వేసి ఉగ్గాని తాలింపు పెట్టాను. వాసన సంతంతా తిరిగి ఆ ముసలి రైతును పట్టుకొచ్చింది. ఈసారి చెప్పులు విడవలేదు.

"ఎంత తల్లీ, ఆకు?"

"అర్ధణా."

"కాణీకియ్యి."

బేరమాడాడు! నా ప్రాణం లేచివచ్చింది. బేరమాడేవాడు కొంటాడు. దణ్ణం పెట్టేవాడే ఎగ్గొడతాడు.

ఉగాది ముందు సంతకు పెద్దన్న రైలు దిగి, నా గిన్నెలు ఎత్తుకుపోవడానికి స్టేషనులో ఎడ్లబండి మాట్లాడుకుని మరీ వచ్చాడు. నా పొయ్యి చుట్టూ జనాన్ని చూసి కండువాతో ముక్కు మూసుకున్నాడు.

"ఏందమ్మీ ఈ కంపు? గిద్దలూరు దాకా మా పరువు పోతా ఉంది. బండెక్కు."

"పొయ్యి ఆరలేదు గదన్నా."

"నీళ్లు పోస్తే అదే ఆరుతాది. మీ వదిన మంచం పట్టింది."

"వస్తా. ఏమిస్తావు?"

"ఏందీ?"

"వంటకు. నెలకు ఏమిస్తావు అంటున్నా."

"తోడబుట్టినదానికి జీతమా! అన్నం వండి పెట్టేదానికి దుడ్లు అడుగుతావా?"

"అయితే నువ్వూ చెప్పులిడిచి చేయి చాపాల్సిందన్నా."

ముసలి రైతు నోట్లో ఉగ్గాని పెట్టుకునే పెద్దగా నవ్వాడు. అన్న మొహం కందగడ్డ అయింది. అయినా కదల్లేదు. తెల్లవారుజామున ఇల్లు కదిలినవాడు, బయట ఏదీ ముట్టడు. ముక్కు మీది కండువా మెల్లగా జారింది. కాసేపటికి గొంతు తగ్గించి అన్నాడు.

"ఆ ఉల్లిగడ్డ ఏరేసి ఒకాకు ఇయ్యి."

"ఏరేస్తే ప్రసాదం అయిపోతాదన్నా. అది నేను అమ్మను. గుడికాడికి పో."

పోయాడు. ఖాళీ బండికి కూడా ఆశీలు కట్టమని దారిలో ఆశీలు వాడు ఎద్దుల ముకుతాడు పట్టుకున్నాడట. ఆ బేరమైనా అన్న గెలిచాడో లేదో కనుక్కోవడానికి నాకు తీరిక లేకపోయింది.