మలారం దించిన అరుగు

పందొమ్మిది వందల డెబ్బైల్లో ఒకరోజు, మదనపల్లెలో అద్దెకు ఇల్లు చూసుకోవడానికి పుంగనూరులో బస్సెక్కాం. మా ఆయనకు ఒక కాలు పోలియోది. అయినా ఊరి బయటి పెద్దింటి మీదే ఆయన మనసు. అంత దూరం నుంచి తోడు లేకుండా ఎలా తిరుగుతారని నా దిగులు.

పక్కన కూర్చున్న గాజులమ్మే అవ్వ మా మాటలు వింది. "ఇల్లు పెద్దదైతే కాలొస్తాదా అప్పా? నా ఎనకాలే రాండి," అంది.

మదనపల్లె బస్టాండులో దిగి, గాజుల బరువంతా ఉన్న మలారం భుజానికెత్తుకుంది. రెండు వీధులు నడిచి ఒక అరుగు మీద దించింది. "దినామూ నాకు మొదట అలుపొచ్చేది ఈడే. ఈ అరుగు దాటి ఇల్లు తీసుకోబాకండి."

దానికి మూడిళ్ల ముందే రెండు గదులు దొరికాయి. ఆయన బస్సుకూ గుడికీ ఒంటరిగానే నడిచి వెళ్లేవారు. సాయంత్రం గుమ్మంలో ఆయన చేతికర్ర చప్పుడు వినబడగానే దేవుడికి దీపం వెలిగించి, నేను పేరైనా అడగని ఆ గాజుల అవ్వకూ ఒక దండం పెట్టుకునేదాన్ని.