యాభై ఒకటో చుక్క

నా పేరు అడగొద్దు. ఊరు మాత్రం చెప్తా, మార్కాపురం. పలకల పని. పదేళ్ళకు దగ్గర పడుతోంది, ఒక ఆడమనిషి నోటికాడి కూడు తీసేసినాను. తీసింది నేనని ఇంతవరకు ఒక్కరికీ తెలీదు. మా ఆయనకు తెలీదు. మా అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఏమన్నా చెప్పాల్నా అని అడిగితే కూడా ఏం లేదన్నా. నువ్వెవరో నాకు తెలీదు, అందుకే నీకు చెప్తున్నా. తెలిసినవాళ్ళ మొహం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్ళు ఎందుకు మోస్తా?

ఆమెను రూతు అందాం. అసలు పేరు రాయను.

పిల్లోళ్ళ రాతపలకలకు గిరాకీ పోయినాక మా ఓనరు అమెరికా ఆర్డర్లు పట్టినాడు. గోడకు తగిలించుకునే పలకలు, గ్లాసు కింద పెట్టుకునే చిన్న పలకలు. వాటికి రంగులేసేది మేము, ఏడెనిమిదిమంది ఆడవాళ్ళం. అన్నిటికన్నా పెద్ద ఆర్డరు జులై నాలుగుకు వచ్చేది. ఆరోజు వాళ్ళ స్వాతంత్ర్య దినం. మనకు పంద్రాగస్టు అంటే బడికాడ జెండా, రెండు చాక్లెట్లు, ఇంటికి రావడం. వాళ్ళకు అట్ల కాదంట. జెండా చొక్కా మీద, కేకు మీద, కుక్క మెడలో గుడ్డ మీద. నల్లద్దాలు పెట్టుకుని మోటారుసైకిలు తోలే గద్ద బొమ్మ ఒకటి పంపినారు, దాని జాకెట్టు కూడా జెండానే. గ్లాసు కింద జెండా ఏంది, మనదగ్గరైతే కేసు పెట్టరా అని నవ్వుకునేవాళ్ళం. నవ్వుకుంటానే, ఆ పలకకు పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకునేవాళ్ళం. ఎవరి జెండా అయితేనేం, పలక గదా, సరస్వతి. నేనూ అద్దుకునేదాన్ని. ఆ మాట ఎందుకు చెప్తున్నానో ముందుకు పోతే నీకే తెలుస్తుంది.

రూతు నాకన్నా పదేళ్ళు వెనక చేరింది. చేరిన రెండేళ్ళకే కిటికీ పక్క కుర్చీ ఆమెది. ఆ కుర్చీలో కూర్చున్నామె ఏది చెప్తే మేమది చేయాల. చర్చి గోడల మీద వాక్యాలు రాసి రాసి చెయ్యి కుదిరిందంట. చెయ్యి అంటే చెయ్యే, ఏం చెప్పమంటావు! స్కేలు పెట్టకుండా గీత గీస్తే దారం పట్టుకుని లాగినట్టు ఉండేది. గద్ద కన్ను ఒక్క చుక్కతో వేసేది. ఆ చుక్క పడంగానే అది మనల్నే చూసేది. నేను అదే గద్దను వేస్తే కోడి అయ్యేది.

నిజం చెప్పాల్నంటే మొత్తం చెప్పాల. వాళ్ళమ్మ మా చేన్లో కలుపు తీసింది. మా నాయన గట్టు మీద నిలబడి పిలిస్తే పరిగెత్తుకొచ్చేది. తర్వాత మాకు బోరు ఎండిపోయింది, ఉన్న మూడెకరాలు బీడు పడింది, నేను రంగు డబ్బా పట్టుకోవాల్సి వచ్చింది. దానికి నాకు బాధ లేదనుకున్నా. కానీ ఆ తల్లి కూతురు కిటికీ పక్కన కూర్చుని, "అక్కా, ఈ ఎరుపు కొంచెం పల్చన చేయ్" అంటే నాకు మా చేని గట్టే గుర్తొచ్చేది. ఎంత మెత్తగా చెప్పేదో అంత మండేది. గట్టిగా అనుంటే నేను తిరిగి అనేదాన్ని, అక్కడికి అయిపోయేది. అనలేదు. ఒక్కరోజు కూడా అనలేదు. మంచిదాని మీద కుళ్ళుకోవడం కంటే పాడు పని లేదు, మనల్ని మనమే చీదరించుకోవాల్సి వస్తుంది.

ఆ ఏడు అమెరికాలో ఎలక్షన్లు. ఆర్డర్లిచ్చే మేడం జనవరిలో మార్కాపురం వచ్చింది. తెల్లజుట్టు, నవ్వు మొహం. వచ్చి రూతు చెయ్యి పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఫోటో తీసింది. రూతు పక్కన నేనే నిలబడినా, కొత్త గాజులేసుకుని. నెల తర్వాత ప్రతి డబ్బాలో పెట్టాల్సిన కార్డులు వచ్చినాయి. కార్డు మీద రూతు ఫోటో, కింద రూతు పేరు, చేత్తో వేసిందని ఇంగ్లీషులో. నేనెక్కడ అని చూసినా. మోచెయ్యి ఉంది. నాలుగు పచ్చగాజులు, మోచెయ్యి, అంతే. నన్ను కత్తిరించేసినారు. అందరూ కార్డు చేతుల్లో పట్టుకుని రూతును ఆటపట్టిస్తా ఉంటే నేనూ నవ్వినా. ఇంటికొచ్చి ఆ గాజులు పగలగొట్టి బయట పారేసినా. పండగపూట కొన్న గాజులు ఏమైనాయే అని మా ఆయన అడిగితే, పలక తగిలి పగిలినాయన్నా.

నీకు నేను పిచ్చిదానిలా కనబడుతున్నానా? ఫోటో కోసమా ఇంత అని? అవును, ఫోటో కోసమే. పన్నెండేళ్ళు వంగి వంగి రంగేసిన మనిషిని నేను. నా మొహం కూడా ఎవరో ఒకరి ఇంట్లో డబ్బాలోంచి బయటపడితే నాకు బాగుండదా?

వాళ్ళ జెండాలో నీలం భాగంలో యాభై చుక్కలు, అంటే నక్షత్రాలు, ఉంటాయి, రాష్ట్రానికి ఒకటి. చేత్తో అన్ని చుక్కలు వేయలేం. పాత ఎక్స్‌రే ఫిలిమును బ్లేడుతో కోసి అచ్చు చేసి, దాని మీద స్పాంజితో తెల్లరంగు అద్దుతాం. ఆ ఏడు అచ్చు కోసింది రూతే. అప్పుడు వాళ్ళమ్మకు జ్వరం, ఆమెకు వారం రోజులుగా సరైన నిద్ర లేదు. అయినా ఒక్క చుక్క వంకర పోలేదు. కోసి, రెండుసార్లు లెక్కబెట్టి, చేటలో పెట్టి అన్నానికి పోయింది. మిగతావాళ్ళు కూడా కొళాయి కాడికి పోయినారు. నేను లేచినా. చివరి నుంచి రెండో వరసలో, అంచు దగ్గర కొంచెం జాగా ఉంది. పలకను కళ్ళకద్దుకునే ఆ చేత్తోనే బ్లేడు తీసి అక్కడ ఇంకో చుక్క కోసినా. ఎంతసేపు? నువ్వు ఒక గ్లాసు నీళ్ళు తాగేంతసేపు.

ఏమనుకుని కోసినా? ఓనరు చూస్తాడు, అందరి ముందూ కేకలేస్తాడు, కిటికీ కుర్చీ నాకిస్తాడు. అంతవరకే అనుకున్నా. ఒట్టు, అంతకు మించి లేదు. కానీ ఓనరు చూడలేదు. రూతు గద్దల పనిలో పడింది, అచ్చు మళ్ళీ చూడలేదు. ఆరువందల పలకలు అద్దేసినాము. వార్నీషు కొట్టి ఆరబెట్టినారు. కట్టే ముందు ఆఖరున చూసే పని ఎవరిదో తెలుసా? నాదే. నాలుగు రోజులు ఆ పలకలు నా కళ్ళ ముందే ఉన్నాయి. ఆ నాలుగు రోజుల్లో ఎప్పుడు నోరు తెరిచినా సరిపోయేది. తెరవలేదు. బ్లేడు పట్టింది ఒక్క నిమిషం ఉడుకులో అనుకుందాం, మరి ఆ నాలుగు రోజులు ఏంది?

జూన్ ఆఖరున ఫోనొచ్చింది. అక్కడ ఎవరో లెక్కబెట్టినారు. మామూలుగా అయితే తప్పు పడింది అనుకుని వదిలేసేవాళ్ళేమో. ఎలక్షన్ల ఏడు గదా. ఇంకో రాష్ట్రం కలపాల్నని ఒక పక్క, కూడదని ఇంకో పక్క వాళ్ళలో వాళ్ళకు ఎప్పటినుంచో తగువంట. ఈ పలకలు అమ్మే అంగడి ఆ పార్టీదా ఈ పార్టీదా అని ఫోన్లలో ఫోటోలు పెట్టి తిట్టుకున్నారంట. పండగపూట మన జెండాను మార్చేదానికి మీరెవరు అని మేడం మీదకు పోయినారు. మన మార్కాపురాన్ని వేరే జిల్లా చేయమని ఇక్కడ ఎన్ని దీక్షలు చేసినారో నీకు తెలుసు గదా, అట్లాంటి కోపమే. మేడం సరుకంతా వెనక్కి తీసుకుంది. మళ్ళీ ఆర్డరు ఇయ్యనంది.

ఓనరు నన్ను లోపలికి పిలిచినాడు. చూసి పంపింది నువ్వే గదా అన్నాడు. పగుళ్ళు, పెచ్చులు చూడడమే నా పని, బొమ్మ సంగతి రూతుదన్నా. అక్కడితో ఆపినా సరిపోయేది. ఆపలేదు. "అన్నా, యాభై అని ఆపకూడదు, పైన ఒకటి ఉంటే శుభం అని రూతే అనింది" అని చెప్పినా.

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట! మన ఇళ్ళల్లో మొక్కు అంటే యాభై ఒక్క కొబ్బరికాయ, నూటొక్క ప్రదక్షిణం, అది మా ఇంటి మాట, నా మాట. చర్చికి పోయే రూతు ఎప్పుడంటుంది? ఓనరుకు అంత ఆలోచన లేదు. ఆయన కూడా యాభై ఒక్క కాయ కొట్టే మనిషే, వెంటనే నమ్మినాడు. బయటికొచ్చి అందరి ముందూ అచ్చును రూతు మొహాన కొట్టి, మీ శుభాలు మీ ఇంట్లో చూసుకో పో అన్నాడు.

రూతు ఏడవలేదు. ఆ అచ్చును వెలుతురుకు పెట్టి వేలితో ఒక్కొక్క చుక్క తాకుతా లెక్కబెట్టింది. యాభై ఒకటి. మళ్ళీ లెక్కబెట్టింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, నేను రెండుసార్లు చూసుకున్నా గదా. నువ్వు పక్కనే ఉన్నావు గదా."

"చూసుకున్నావు."

"మరి ఎట్ల తప్పింది? శుభం అంటాడేంది ఆయన?"

"కోపంలో ఏదో అంటాడు లేమ్మా. నీకు నిద్రల్లేవు, చెయ్యి తప్పుంటది. అందరం తప్పుతాం."

"అంతేనా అక్కా?"

"అంతే."

నా మొహంలోకి చూసింది, నమ్మింది. ఉద్యోగం నేను తీసినా, అది ఒక పాపం. ఆ "అంతే" అన్నానే, అది ఇంకోటి, దానికన్నా పెద్దది.

ఇంకే పలకల దుకాణంలోనూ ఆమెను పెట్టుకోలేదు, మాట ఊరంతా పాకింది. రెండేళ్ళకు మా ఓనరు ఇంకో అమెరికా ఆర్డరు పట్టినాడు. కిటికీ కుర్చీ నాకొచ్చింది. ఇప్పటికీ నాదే. ఏం సుఖపడినా? నేను వేసిన గద్ద ఇంకా కోడిలాగే ఉంటుంది.

పోయిన వారం బస్టాండులో రూతు కనబడింది, పెద్దారవీడు బస్సు కోసం నిలబడి ఉంది. మిరపకాయల పనికి పోతాదంట. వేళ్ళు కాయలు కాసి, గోళ్ళ సందుల్లో ఎర్రగా ఉన్నాయి. రంగు ముట్టుకోవడం మానేసిందంట. చర్చికి కొత్త గోడ కట్టి పాస్టరుగారు వాక్యం రాయమంటే కూడా, లెక్క తప్పే చెయ్యి నాది, దేవుని మాటలో అక్షరం పోతే ఎట్ల అని ఒప్పుకోలేదంట. ఇంట్లో బియ్యం గ్లాసులు కూడా రెండుసార్లు కొలుస్తుందంట. నవ్వుతా చెప్పింది.

బస్సు వస్తా ఉంటే నా చెయ్యి పట్టుకుంది. ఆరోజు అందరూ నన్ను దొంగను చూసినట్టు చూసినారు, నువ్వొక్కదానివే మంచిగా మాట్లాడినావు అక్కా అనింది. ప్రతి ఆదివారం నీ పేరు పెట్టి ప్రార్థన చేస్తా అనింది.

చెప్పాల్సింది అప్పుడే. నోరు రాలేదు. సిగ్గుతోనా? కాదు, ఇక్కడ కూడా అబద్ధమాడితే ఇంకెక్కడ నిజం చెప్తా. ఆ క్షణంలో కూడా నాకు కుళ్ళు పుట్టింది. పోయిందంతా పోయి, మిరపఘాటుకు కళ్ళు మండుతా, ఇంకొకరి పేరు పెట్టి ప్రార్థన చేసే మనసు ఆమెకు ఎట్ల మిగిలింది? నాకు ఎందుకు లేదు?

బస్సెక్కి పోయింది. పోయి చెప్తానా? తెలీదు. చెప్తే ఆదివారం నా పేరు తలవదు, అందుకు కూడా భయమే. నువ్వు నన్ను క్షమించొద్దు, అది నీ చేతిలో లేదు. ఉన్నా నాకొద్దు. రూతు అచ్చులో యాభయ్యే కోసింది. ఆ మాట ఇన్నేళ్ళకు ఒకచోట రాసి ఉంది. రాసింది నేనే.