మేకుకి తగిలించిన హెల్మెట్

మొన్న మధ్యాహ్నం రుఆబాంధా కాలనీలో ఒక ఇంటికి డబ్బాలు ఇవ్వడానికి వెళ్ళాను. చేతిలో బరువైన సంచీ, నెత్తిన మండే ఎండ. ఎప్పుడు దింపుదామా అని ఉంది ప్రాణానికి. బెల్లు మీదికి వెళ్ళిన వేలు సగంలో ఆగిపోయింది. గుమ్మం పక్కన మేకుకి పసుపుపచ్చ హెల్మెట్ వేలాడుతోంది. ఎండకి కాగిన ప్లాస్టిక్కు, లోపలి పట్టీకి పట్టిన చెమట, మసి కలిసిన ఆ వాసన భిలాయిలో కాపురం చేసిన ఏ ఆడదానికైనా తెలుసు. సంచీ చప్పుడు కాకుండా అరుగు మీద పెట్టి, ఆ ఇల్లాలి ఫోనుకి మెసేజ్ పెట్టి వెనక్కి తిరిగాను. ఆటో కోసం నిలబడితే నరసమ్మ పిన్ని గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి నా మొహం, ఆ వేలిని ఆపిందే ఆవిడ.

ఇక్కడికి రాకముందు గాజువాకలో నన్ను డబ్బాల పార్వతి అనేవారు. గాలి చొరబడని మూతలుండే ప్లాస్టిక్ డబ్బాలు కంపెనీ నుంచి తెప్పించి, ఇంటింటికీ చూపించి అమ్మడం నా పని. దుకాణం లేదు, బోర్డు లేదు. మా ముందు గదే దుకాణం, నా నోరే బోర్డు. పెళ్ళిళ్ళకి, గృహప్రవేశాలకి నన్ను పిలిచేవాళ్ళు మా ఆయన పేరు తెలిసి కాదు, నా పేరు తెలిసి. వెల్డింగ్ సూపర్‌వైజరైన మా ఆయనకి భిలాయి స్టీలు ప్లాంటులో పని పట్టిన కాంట్రాక్టరు దగ్గర మంచి ఉద్యోగం దొరికింది. సామాను కట్టుకుని రైలెక్కేశాం. నా ఖాతాదారులందరినీ కంపెనీ ఇంకొకామెకి అప్పగించింది. వాట్సాప్ గ్రూపులోంచి మాత్రం నన్ను తీసెయ్యలేదు. వాళ్ళు పెట్టుకునే ఫోటోలు చూస్తూ, ఇక్కడ ఖుర్సీపార్ బస్తీలో అద్దె ఇంటి మెట్ల మీద కూర్చుని కుళ్ళుకునేదాన్ని. ఉన్నమాటే చెబుతున్నాను, కడుపు మండిపోయేది.

దానికి తోడు కంపెనీ నియమం ఒకటి. కొన్నాళ్ళు వరసగా ఆర్డర్లు రాకపోతే పేరు కొట్టేస్తారు. మళ్ళీ చేరాలంటే అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి. దసరా దాకా గడువు ఉంది నాకు. మా ఆయన మంచివాడే, నా బాధ చూడలేక, ఎందుకొచ్చిన తిప్పలు, హాయిగా ఇంట్లో కూర్చో అన్నాడు. ఆ 'హాయిగా' అన్న మాటకి ఒళ్ళు మండింది. ఈ ఊళ్ళో నేను సూపర్‌వైజరు గారి భార్యని, అంతే. నా పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరు లేరు. ఆ డబ్బాలు కూడా పోతే ఇంక నేనెవర్ని?

గాజువాకలో పదకొండు గంటలంటే అమ్మకాలకి అమృత ఘడియ. నేను తిరిగే వీధుల్లో మగవాళ్ళంతా ఆఫీసుల్లో, కొట్లలో ఉంటారు, వంటలైపోయి ఉంటాయి, ఆడవాళ్ళు తీరిగ్గా మాట్లాడతారు. ఇక్కడా అంతే కదా అనుకున్నాను. ఉతికిన చీర కట్టుకుని, క్యాటలాగు చంకన పెట్టుకుని, సరిగ్గా పదకొండింటికి వీధి మొదలు నుంచి బెల్లులు కొట్టుకుంటూ బయలుదేరాను. మొదటి ఇంట్లో బనీనుతో ఒకాయన వచ్చాడు. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. నన్నూ నా క్యాటలాగునీ చూసి తలుపేసుకున్నాడు. నాలుగో ఇంట్లో సరిత అనే ఆవిడ బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, లోపలికి వినపడకుండా నన్ను దులిపేసింది.

"దీదీ, రాత్రంతా డ్యూటీ చేసొచ్చి ఇప్పుడే నిద్రపోయారు మా ఆయన. నీంద్ ఖరాబ్ చేసేశారు. టైమ్ అంటూ ఉండదా మీకు?"

క్షమించమని అడిగేలోపే లోపలికి వెళ్ళిపోయింది. సిగ్గూ బుద్ధీ ఉన్నదైతే అక్కడితో ఆగాలి. నేను ఆగలేదు. మర్నాడు పక్క వీధిలో అదే కథ. వారం తిరిగేసరికి నాకో పేరొచ్చింది. పేరు కావాలని ఏడ్చాను కదా, వచ్చింది: బెల్లు కొట్టే ఆవిడ. కిటికీలోంచి నన్ను చూసి కర్టెన్ లాగేసుకునేవారు.

నరసమ్మ పిన్నిది మా పక్క ఇల్లు, రెండిళ్ళకీ గోడ ఒకటే. శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు నుంచి కొత్త కోడలిగా వచ్చి ఈ ఊళ్ళోనే ముసలిదైంది. వాళ్ళాయన సింహాచలం బాబాయ్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పని చేసి రిటైరయ్యారు. పిన్ని ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు, అందుకని పెదవులు బిగించే మాట్లాడేది. నేను మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే చూసి, సూదులు తీసి జాకెట్టు ముక్కకి గుచ్చి, వచ్చి పక్కన కూలబడింది.

"కొత్త బిచ్చగాడు పొద్దెరగడంతారు. నిన్ను సూస్తే అదే గుర్తొస్తంది గుంటా," అంది. "ఇక్కడ పొద్దు సూరీడు సెప్పడు. ప్లాంటు సెప్తాది."

కోపం వచ్చింది కానీ నవ్వూ వచ్చింది. ఆ సాయంత్రం ఆవిడ నన్ను వెంటబెట్టుకుని వీధంతా తిప్పింది. తలుపులు చూడకు, మేకులు చూడు అంది. ప్రతి గుమ్మం పక్కనా ఒక మేకు ఉంది. ఇన్నాళ్ళూ నా కళ్ళకి అది కనపడనే లేదు. నైట్ చేసొచ్చిన మనిషి హెల్మెట్ లోపలికి తీసుకెళ్ళడు, ఆ మేకుకి తగిలించి పడుకుంటాడు. అది ఉన్నంతసేపు ఆ ఇంటి బెల్లు ఎవరూ ముట్టరు. కూరగాయల బండివాడు కూడా ఆ గుమ్మాల ముందు అరవడు. మనిషి లేచాక హెల్మెట్ లోపలికి వెళ్తుంది, అప్పుడు ఆ ఇంటి ఆడమనిషికి తీరిక. రాసిపెట్టిన నియమం కాదు, ఎవరూ ఎవరికీ చెప్పరు కూడా. ఇక్కడ పుట్టినవాళ్ళకి పాలతో పాటే తెలుస్తుంది, నాలాంటి వాళ్ళకి తిట్లతో తెలుస్తుంది.

తెలిసింది సరే, పోయిన పేరు రావద్దూ? మేకులు చూసే వెళ్ళినా తలుపులు తెరుచుకోలేదు. శ్రావణమాసం వచ్చింది. శుక్రవారం పేరంటం పెట్టుకుని అందరినీ పిలవమంది పిన్ని. బొట్టు పెట్టి పిలిస్తే రానని ఎవరంటారు? తనే నాతో ఇంటింటికీ వచ్చింది. సరిత గుమ్మం ముందు నా కాళ్ళు వెనక్కి లాగితే వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది.

అందరూ ఒక్కచోట దొరికితే నేను ఊరుకుంటానా? శుక్రవారం పొద్దున్నే ముందు గదిలో బల్లేసి, దుప్పటి పరిచి, డబ్బాలన్నీ మెట్లు మెట్లుగా పేర్చాను. పసుపు తాంబూలం పక్కనే క్యాటలాగులు పెట్టాను. సాయం చేద్దామని ముందుగా వచ్చిన పిన్ని ఆ బల్ల చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆవిడ మొహం అలా మాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"బొట్టెట్టి పిలిసినోల్లకి బేరమెడతావేటే?"

అడగందే అమ్మయినా పెట్టదు పిన్నీ అన్నాను. మా కంపెనీ మీటింగుల్లో మాకు నూరిపోసిన మాట అది. గడువు దగ్గరపడుతోందనీ, ఇది తప్పితే నాకు ఇంకో దారి లేదనీ ఏడుపు గొంతుతో వాదించాను.

"అయితే మీ యమ్మనడుగు. పేరంటాలినడక్కు. ఈల్లు రేపు మల్ల నీ గడప తొక్కాల."

ఉక్రోషంతోనే బల్ల తీసేశాను. డబ్బాలన్నీ వంటింట్లో పడేశాను. మా స్టీలు సామాను సగం ఇంకా గాజువాకలోనే ఉండిపోవడంతో, నానబెట్టిన శనగలు, పులిహోర, పండ్ల ముక్కలు ఆ డబ్బాల్లోనే సర్దుకోవాల్సి వచ్చింది. ఆడవాళ్ళంతా వచ్చారు. సరిత కూడా వచ్చింది, కాస్త బిర్రబిగుసుకునే. కాళ్ళకి పసుపు రాశాను, బొట్టు పెట్టాను, శనగలు పోశాను. మాటలు వాటంతటవే వచ్చాయి. ఎవరిది ఏ ఊరు, ఎవరి పిల్లలకి తెలుగు రాదు, ఎవరి అత్తగారికి హిందీ రాదు. వెళ్ళేముందు వంటింట్లోకి మంచినీళ్ళకి వచ్చిన సరిత, పొద్దున కోసిన జామకాయ ముక్కలు నల్లబడకుండా ఉండటం చూసి డబ్బా చేతిలోకి తీసుకుంది. ఇందులో పెడితే మా ఆయన టిఫిన్ పొద్దుటిదాకా బాగుంటుందా అని అడిగింది.

నాలుక చివరిదాకా వచ్చేసింది అమ్మకం. క్యాటలాగు చేతికి అందేంత దూరంలో ఉంది. గుమ్మంలోంచి పిన్ని చూస్తోంది. మింగేశాను.

"రేపు మీ ఇంటికొచ్చి చూపిస్తాను. ఈ వారం మీ ఆయనది ఏ షిఫ్టు?"

సరిత నా మొహంలోకి చూసి ఫక్కున నవ్వింది. ఇప్పుడు పక్కా భిలాయి మనిషి అయ్యావు దీదీ అంది. మొదటి ఆర్డరు ఆవిడదే. ఆ వెనక ఆవిడ వదినది, క్యాంప్ 2 బస్తీలో ఉండే చెల్లెలిది. దసరాకి నా పేరు కంపెనీలో పదిలంగా ఉంది. వీధిలో మాత్రం పార్వతి అనలేదు ఎవరూ, డబ్బా దీదీ అన్నారు. దానికీ సంబరపడ్డాను.

పిన్ని నాకు నేర్పిందంతా వ్యాపారమే అనుకున్నాను కొన్నాళ్ళు. ప్లాంటులో ఏదో పెద్ద మరమ్మతు పడి మా ఆయనకి వరసగా నైట్లు వేశారు. పెళ్ళిళ్ళ రోజులు, పిన్నికి ఊపిరాడనంత పని ఉండాలి. గోడ అవతల మిషన్ చప్పుడు మాత్రం పొద్దున పూట లేదు. ఒంట్లో బాగాలేదేమోనని వెళ్ళాను. ఆవిడ నేల మీద కూర్చుని చేత్తో హుక్కులు కుట్టుకుంటోంది, పక్కన కత్తిరించిన జాకెట్లు గుట్టగా ఉన్నాయి. అప్పుడు వెలిగింది నాకు. మిషన్ గోడకి ఆనించి ఉంది, ఆ గోడకి ఇవతల మా ఆయన మంచం. కుట్టుకో పిన్నీ, ఆయన మొద్దు నిద్ర మనిషి అన్నాను. తల ఎత్తకుండానే, మిసన్ యాడికీ పోదు, నిద్ర పోతే మల్ల రాదు అంది. ఒక పెళ్ళివారి జాకెట్లు అప్పటికే వెనక్కి పంపేసిందని తర్వాత సరిత చెప్పింది. నాకోసం అంత చేసిన మనిషి నాకు పుట్టింట్లో కూడా లేరు.

కిందటి చలికాలం పిన్ని ఊపిరి పాడైంది. రాత్రంతా ఆయాసంతో కూర్చునే ఉండేది, తెల్లారాక ఎప్పుడో కన్నంటుకునేది. ఒకరోజు పొద్దున చూస్తే వాళ్ళ గుమ్మం పక్క మేకుకి హెల్మెట్ ఉంది. రిటైరయిన మనిషికి హెల్మెట్ ఏమిటి? బాబాయ్ అటక మీది పాత హెల్మెట్ దింపి, దుమ్ము తుడిచి తగిలించారు. పిన్ని తొంగుంది అని చేత్తో సైగ చేశారు. ఎవరికీ వివరించనక్కర్లేకపోయింది. ఆ పూట నుంచి వీధి వీధంతా ఆ ఇంటి ముందు గొంతు తగ్గించుకుని నడిచింది. ఎవరి నిద్ర కోసమో బతుకంతా మిషన్ ఆపిన మనిషికి ఆ ఆఖరి నాలుగు వారాలూ మేమివ్వగలిగింది అదొక్కటే.

పిన్ని పోయింది. పెద్దకర్మ అయ్యింది, చుట్టాలు వెళ్ళిపోయారు. హెల్మెట్ మాత్రం మేకుకి అలాగే ఉంది. మేమూ అలవాటు మానలేదు. దాన్ని చూడటం, బెల్లు ముట్టకుండా దాటిపోవడం. గోడ అవతల నుంచి ఏ అలికిడీ లేదు. ఒకరోజు ఉండబట్టలేక, కూరగిన్నె పట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబడ్డాను. పదకొండు గంటలైంది. పిన్ని తిడుతుందేమో అనిపించింది. అయినా బెల్లు కొట్టాను, గట్టిగా.

తలుపు వెంటనే తెరుచుకుంది. బాబాయ్ దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నట్టున్నారు.

"ఎవులూ బెల్లు కొట్టడం నేదు పాపా," అన్నారు.

"మేకుకి హెల్మెట్ ఉంది కదా బాబాయ్."

ఆయన తల బయటికి పెట్టి చూశారు. తర్వాత తనే దాన్ని తీసి, గుండెకి ఆనించుకుని, లోపలికి రమ్మన్నారు. ఆయన అన్నం తినేదాకా కూర్చున్నాను. ఇద్దరం పిన్నిని తలుచుకుని ఏడ్చాం.

ఇప్పటికీ మేకు చూడకుండా ఏ ఇంటి బెల్లూ కొట్టను. మొన్న రుఆబాంధా నుంచి వచ్చేసరికి బాగా ఆలస్యమైపోయింది. ఇంటికైనా వెళ్ళకుండా, రోజూ పట్టుకెళ్ళే కూరగిన్నె లేకుండా ఖాళీ చేతులతోనే నేరుగా వెళ్ళి బాబాయ్ బెల్లు కొట్టాను. తలుపు తీసి, ఈరోజు పదకొండు దాటిపోనాదే అన్నారు.