ఉడకని ఉలవలు

గురవమ్మకు మూసిన తలుపంటే గిట్టదు. అల్లూరు దగ్గరి పల్లెలో, ఆ వీధిలో ఎవరింట పొయ్యి వెలిగినా మూత తీసి చూడవలసిందే. అరవై ఏళ్ళూ అలాగే గడిచాయి. అలాంటి మనిషి ముఖం మీదే ఆ పొద్దున పక్కింటి కామాక్షి తలుపేసింది.

ముందురోజు కామాక్షి గేదెను చూసి, "అబ్బో, పొదుగు కుండంత ఉండాదే!" అన్నది గురవమ్మ. దిష్టి తగలకుండా తూతూ అనడం మరిచింది. తెల్లారేసరికి గేదె వణికి, నురగ కక్కి, కాళ్ళు బిగదీసుకుని చచ్చింది.

"ఇంక మా గడప తొక్కబాక గురవమ్మక్కా," తలుపు వెనకనుంచి అన్నది కామాక్షి. ఎదురింటి తలుపూ పడింది. తర్వాత దాని పక్కది.

నిజంగా తన కళ్ళే చంపాయా? అయినా గురవమ్మ కాళ్ళు ఆగక కామాక్షి గొడ్ల కొట్టంలోకి నడిచాయి.

కొట్టంలో గాలి ఆడడం లేదు. తొట్టి మీదికి వంగగానే ఎవరో కళ్ళలో కారం చల్లినట్టయింది. వెనక్కి తగ్గితే లేదు. వంగితే మళ్ళీ. లోపల నానబోసిన ఉలవలు కిక్కురుమనకుండా ఉన్నాయి. కట్టేసిన పడ్డదూడ మెడ చాచి ఆ తొట్టి వైపే మూతి పెట్టింది. గురవమ్మ తొట్టిని ఒక్క తన్ను తన్నింది.

చప్పుడుకు కామాక్షి పరుగెత్తుకొచ్చింది. "దీన్నీ చంపాలనా?"

చచ్చిన గేదెను చూడడానికి ఆమె వెనకే వచ్చిన పశువుల డాక్టరు వినీల ముక్కు మూసుకుంది. "ఉలవలు ఏ సంచిలోవమ్మా?"

కామాక్షి సంచి తెచ్చి విదిలిస్తే కుట్లలోంచి తెల్లటి యూరియా గుళికలు రాలాయి.

"కట్టెలు తడిసినాయి మేడం. ఉడకబెట్టకుండానే పోసినా," అన్నది కామాక్షి.

"పచ్చి ఉలవలో ఒక ఎంజైము ఉంటుంది. దాని నడుమ నికెల్. పాత రూపాయి బిళ్ళల్లో కలిపిన లోహమే. అది యూరియాను విరగ్గొడితే ఈ ఘాటు పుడుతుంది, అమ్మోనియా. గేదె కడుపులోని సూక్ష్మజీవుల్లోనూ అదే ఎంజైము ఉంటుంది. ఆ అమ్మోనియా రక్తంలోకి ఎక్కే గేదె చచ్చింది. ఉడికిస్తే గింజలోది చస్తుంది. యూరియా సంచి మాత్రం ఎప్పుడూ వాడొద్దు."

కామాక్షి తల దించుకుంది. "లోపలికి రా అక్కా."

గురవమ్మ కదల్లేదు. "ఉడికిస్తే చస్తాదంటే, ఇప్పుడది బతికుండాదా మేడం? గింజలోకి ఆ లోహం యాడనుంచి దూరినాది?"

"మట్టిలోంచే."

తడి మట్టిలో, తన వట్టి పాదాల చుట్టూ ఉలవలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. గురవమ్మ ఏ గింజా కాలికింద నలగకుండా ఒక్కో కాలే మెల్లగా ఎత్తి కామాక్షి గడప మీద పెట్టింది.