మూడో ఇంజన్

పిస్కాటవేలో నాగమల్లేశ్వరి వాళ్ళ పెరట్లో ఉన్న చెక్క షెడ్డు ఆ చలికాలం మంచు బరువుకి ఒక పక్కకి ఒరిగిపోయింది. మార్చి నెలాఖరున మంచంతా కరిగాక భర్త దివాకర్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, ఇక లాభం లేదని తేల్చేశాడు.

"శనివారం జంక్ వాళ్ళని బుక్ చేశాను మల్లీ. షెడ్డుతోపాటు లోపలున్నదంతా వాళ్ళే పట్టుకుపోతారు. నీకేమైనా కావాలంటే ముందే తీసి పెట్టుకో."

అందులో ఆమెకి కావలసిందేమీ లేదు. విరిగిన కుర్చీలు, ఎండిపోయిన పెయింటు డబ్బాలు, సన్నీవేల్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు అదితి చిన్నప్పుడు మంచులో జారిన ప్లాస్టిక్ పడవ. అయినా చెప్పాడు కదా అని వెళ్ళింది. మూలన ఒక ఇనప సామాను ఉండేది. ఇరవై రెండేళ్ళ కిందట ఈ ఇల్లు కొన్నప్పటికే అది అక్కడుంది. మొక్కలకి నీళ్ళు పట్టే గొట్టం చుట్ట దానిమీద పడేయడమే తప్ప, అదేమిటో ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు గొట్టం తీసేసరికి రెండు బుల్లి చక్రాలు, హ్యాండిలు, ఎలుకలు కొరికిన సీటు, తాడు లాగి స్టార్టు చేసే చిన్న ఇంజను బయటపడ్డాయి. మోకాలి ఎత్తు బండి. ఇక్కడి పిల్లలు పెరళ్ళలో తిప్పుకునే మినీబైక్.

మల్లేశ్వరి వంగి పెట్రోలు ట్యాంకు మూత తిప్పింది. ఎన్నేళ్ళనాటిదో, అడుగున జిగురులా పేరుకుపోయిన పెట్రోలు వాసన గుప్పుమంది. మూత చేతిలో పట్టుకుని అక్కడే తడినేల మీద కూలబడింది.

ఇరవై రెండేళ్ళ వయసులో ఆమె బాపట్ల నుంచి కర్లపాలెం దాకా రోజూ మోపెడ్ మీద వెళ్ళేది. అక్కడొక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. తెలుగు చెప్పే జయంతి వెనక కూర్చునేది, ఒళ్ళో ఇద్దరి క్యారేజీలూ పెట్టుకుని. చీర కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా కాళ్ళ మధ్య దోపుకునేవాళ్ళు. రోడ్డుకి అటూ ఇటూ వేరుశనగ చేలు, ఆపైన సరుగుడు తోటలు, వాటి మీంచి ఉప్పు వాసన మోసుకొచ్చే గాలి. ఎదురుగాలి ఎక్కువైన రోజున ఇద్దరు ఆడపిల్లల్ని లాగలేక బండి మూలిగేది. అప్పుడు జయంతి దిగి పక్కన పరిగెత్తేది, నవ్వుకుంటూ, తిట్టుకుంటూ. మసిపట్టి బండి ఆగిపోతే దారిలో మెకానిక్కు ఉండేవాడు కాదు. మల్లేశ్వరే ప్లగ్గు విప్పి, జడలోని పిన్ను తీసి మసి గీకి, మళ్ళీ బిగించేది. బస్సులో పోయేవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి మరీ చూసేవారు. చూస్తే చూడనీ అనుకునేది.

రెండేళ్ళు గడిచాయి. ఫారిన్ సంబంధం కుదిరిన వారానికే నాన్న బండిని ఎవరో పోస్టుమ్యాన్‌కి ఇచ్చేశారు. "అక్కడ నీకు కార్లుంటాయిలేమ్మా" అన్నారందరూ. నిజంగానే కార్లుండేవి. పాతికేళ్ళు ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో పనిచేసి, కిందటి డిసెంబరులో రిటైరయ్యేదాకా రోజూ కారులోనే వెళ్ళింది, వచ్చింది. ఆ ప్రయాణాల్లో ఒక్కటైనా ఇలా గుర్తులేదు.

"ఇది ఇవ్వను," అంది, వెనకాలే వచ్చిన దివాకర్‌తో.

"ఇదా? తుప్పు తప్ప ఇందులో ఏముంది? ఏం చేస్తావు దీన్ని?"

"బాగుచేసి నడుపుతాను."

అతను పెద్దగా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. "నువ్వు టూవీలర్ నడిపేదానివా? ముప్పై మూడేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదే!"

"మీరెప్పుడూ అడగలేదుగా."

బండి గరాజ్‌లోకి చేరింది. దివాకర్ కారు వాకిట్లోకి వెళ్ళిపోయింది. అదితి వీడియో కాల్‌లో చూసి "అమ్మా, ఆర్ యు సీరియస్?" అని పగలబడి నవ్వి, మర్నాడు రెంచీల సెట్టు ఒకటి ఆర్డర్ చేసి పంపింది.

మొదటి నెలంతా పాత ఇంజనుతోనే పోయింది. తాడు లాగితే రాతిని లాగినట్టుండేది. పిస్టన్ లోపల పట్టేసింది. మల్లేశ్వరి ప్లగ్గు విప్పి, ఆ కన్నంలోంచి తుప్పు వదిలించే నూనె పోసి, మూడు వారాలు ఆగింది. ల్యాబ్‌లో పనిచేసిన మనిషి కాబట్టి ఓపికకి లోటు లేదు. ఏ రోజు ఎంత పోసిందో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంది కూడా. ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగి వచ్చి తాడు లాగితే, కదిలింది! ఆమె "వచ్చింది, వచ్చింది!" అని కేక పెడితే దివాకర్ ఆఫీస్ కాల్ వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. కానీ రెండోసారి లాగేసరికి లోపల గలగలమని చప్పుడైంది. పక్క మూత విప్పి చూస్తే పిస్టన్ కింద ఉండే రాడ్డు విరిగి, ఇంజను గోడకి వేలు దూరేంత కన్నం పడి ఉంది. ఎప్పుడో యాభై ఏళ్ళ కిందటి దెబ్బ అది. పైన పేరుకున్న మట్టీ గ్రీజూ ఇన్నాళ్ళూ దాన్ని కప్పి ఉంచాయి.

రెండు రోజులు ఆమె గరాజ్ తలుపు తెరవలేదు. కొత్త ఇంజన్ దొరుకుతుందని తెలుసు. గడ్డి కోసే మిషన్లకీ నీటి పంపులకీ వాడే చిన్న ఇంజన్లు హార్డ్‌వేర్ షాపులో వరసగా పేర్చి ఉంటాయి. కానీ మనసొప్పలేదు. ఇంజన్ మార్చేస్తే ఇంక అది ఆ బండి ఎలా అవుతుంది?

"దీన్ని షోకేస్‌లో పెట్టుకుంటావా, నడుపుతావా? ముందు అది తేల్చుకో," అన్నాడు దివాకర్, అన్నంలో పెరుగు కలుపుకుంటూ. ఆమె మర్నాడు షాపుకి వెళ్ళి, పెద్ద అట్టపెట్టెతో తిరిగొచ్చింది. పాత ఇంజనుని పారేయలేదు. కిరసనాయిలుతో శుభ్రంగా కడిగి, తుడిచి, గరాజ్ షెల్ఫు మీద పెట్టింది.

కొత్తది పెట్టెలో ఎంత బుద్ధిగా ఉందో, బండి మీదికెక్కాక అంత పేచీ పెట్టింది. కింద రేకుకున్న కన్నాలు ఒకచోట, ఇంజను కాళ్ళ కన్నాలు ఇంకోచోట. దివాకర్ రేకుని అదిమి పట్టుకుంటే ఆమె డ్రిల్లుతో నాలుగు కొత్త కన్నాలు వేసింది. పొగగొట్టం సరిగ్గా కాలి పిక్కకి తగిలేలా ఉంటే దాన్ని వెనక్కి తిప్పి బిగించింది. ఇంజన్‌లో ఆయిల్ పొయ్యకుండా స్టార్టు చేస్తే మొదటి రోజే కాలిపోతుందని కాగితం మీద ఎర్రక్షరాలతో ఉంది. దివాకర్ ఆ కాగితం తీసి మూడుసార్లు చదివి వినిపించాడు. అన్నీ అయ్యాక, మే రెండోవారంలో, మల్లేశ్వరి తాడు పట్టుకుని లాగింది. మూడోసారికి ఇంజన్ అందుకుంది.

ఆ చప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేసి బాపట్లలో ఉన్న జయంతికి పంపింది, మాటొక్కటి కూడా లేకుండా. అరగంటకి వాయిస్ మెసేజ్‌లో జవాబొచ్చింది. "ఒసేయ్ మల్లీ, ఎవరిదే ఆ బండి? ఎక్కడికే ప్రయాణం? ఈసారి నేను దిగి పరిగెత్తను, ముందే చెబుతున్నా!" అది విని గరాజ్‌లో ఒంటరిగా నిలబడి చాలాసేపు కళ్ళు తుడుచుకుంది.

నడపబోతే మాత్రం పది అడుగులు పోయేసరికి చైను ఊడిపోయింది. మళ్ళీ ఎక్కిస్తే మళ్ళీ ఊడింది. ముందూ వెనకా పళ్ళచక్రాలు ఒకే వరసలో లేవని అర్థమవడానికి రెండు రోజులు పట్టింది. పూలదండల కోసం దాచిన దారం ఒకటి తెచ్చి, ఈ చక్రం నుంచి ఆ చక్రానికి బిగువుగా పట్టి చూసింది. వేలి మందం తేడా. ఇంజనుని అంతమేరా పక్కకి జరిపి బిగించాక చైను ఇంక ఊడలేదు.

రంగు వేయడానికి తుప్పు గీకుతున్నప్పుడు ముందు చక్రం పట్టుకునే ఇనప కాలి లోపలివైపు అక్షరాలు కనిపించాయి. ఎవరో మేకుతో గీశారు. డెనీస్, 1971. మల్లేశ్వరి ఇసక కాగితం కింద పెట్టేసింది. ఇన్నాళ్ళూ ఇది ఎవరో మగపిల్లాడిదే అయుంటుందని అనుకుంది. ఎందుకలా అనుకుందో తనకే తెలియలేదు.

ఎదురింట్లో ఉండే వాల్ష్‌గారికి ఎనభై ఆరేళ్ళు. ఆ వీధిలో అందరికంటే పాతకాపు. అడగ్గానే నవ్వాడాయన. "డెనీసా! మీ ఇంట్లో ఇదివరకు ఉన్నవాళ్ళ పిల్లే. ఆ బండి మీద వీధంతా తిరిగేది. పోలీసులు రెండుసార్లు పట్టుకొచ్చి వాళ్ళ నాన్నకి అప్పజెప్పారు. ఇప్పుడు డెలావేర్‌లో ఉంది, క్రిస్మస్‌కి నాకు కార్డు పంపుతుంది." నంబరు కూడా ఆయనే ఇచ్చాడు.

ఫోన్ చేయాలా వద్దా అని మల్లేశ్వరి వారం రోజులు తటపటాయించింది. ఆవిడ వచ్చి బండి అడిగితే? ఇంజన్ తీసేశారేమిటని బాధపడితే? చివరికి చేసింది. చేశాక పదిహేను రోజుల్లో, జూన్‌లో ఒక ఆదివారం, డెనీస్ వచ్చింది. అరవై ఆరేళ్ళ మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, ఒక మోకాలికి పట్టీ. గరాజ్‌లో కొత్త ఎర్రరంగుతో మెరుస్తున్న బండిని చూసి రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది.

"సారీ," అంది మల్లేశ్వరి, ఆవిడ ఏమీ అడక్కముందే. "ఇంజన్ పాతది కాదు. పూర్తిగా పోయింది, చాలా ప్రయత్నించాను. అదుగో, అక్కడ దాచాను."

డెనీస్ షెల్ఫు దగ్గరికి వెళ్ళి, పాత ఇంజన్ కన్నంలో వేలు పెట్టి చూసింది. తర్వాత గట్టిగా నవ్వేసింది.

"ఇది కూడా అసలుది కాదు! మొదటిది నేను ఒక్క ఎండాకాలంలో పాడుచేశాను. నాన్న ఒక పాత గడ్డి మిషన్‌ది విప్పి ఇది బిగించాడు. దీన్నీ నేనే పగలగొట్టాను. ఇంక నీకు బండి లేదు పొమ్మని షెడ్డులో పడేశాడు. మీరు పెట్టింది మూడోది."

మల్లేశ్వరికి రెండు నెలలుగా భుజాల మీదున్న బరువు దిగినట్టయింది. దివాకర్ అందరికీ టీ తెచ్చాడు. టీ చల్లారిపోయింది. ఇద్దరూ బండిని పెరట్లోకి నడిపించుకెళ్ళారు. ముందు డెనీస్, పట్టీ ఉన్న కాలు చాపుకుని, కంచె పొడవునా రెండు చుట్లు తిరిగింది. తర్వాత మల్లేశ్వరి తిరిగింది. వాల్ష్‌గారు వచ్చి కంచె అవతల నిలబడి పోలీసులకి ఫోన్ చేస్తానని బెదిరించాడు.

డెనీస్ వెళ్ళేముందు మల్లేశ్వరి ధైర్యం చేసి అంది. "ఇది మీ బండి. తీసుకెళ్తానంటే కాదనను."

డెనీస్ తలూపింది, వద్దన్నట్టు. "నేనుండేది మూడో అంతస్తు ఫ్లాట్‌లో. ఎక్కడ తిప్పుతాను? కానీ ఏమీ అనుకోకపోతే ఆ పాతది నాకివ్వండి. ఆ బోల్టులు నాన్న బిగించినవి."

కన్నం పడ్డ ఇంజనుని న్యూస్‌పేపర్లలో చుట్టి దివాకర్ ఆవిడ కారు డిక్కీలో పెట్టాడు. కారు మలుపు తిరిగేదాకా ముగ్గురూ చేతులూపారు. వాల్ష్‌గారు ఇంటికి పోయాడు. మల్లేశ్వరి బండిని లోపల పెట్టబోతుంటే దివాకర్ అక్కడే తచ్చాడుతున్నాడు.

"మల్లీ, నాకు సైకిలు తప్ప ఏదీ రాదు తెలుసా? కాలేజీకి నడక, ఉద్యోగానికి బస్సు, ఇక్కడికొచ్చాక కారు. ఎవరూ నేర్పలేదు."

"నేర్చుకుంటారా?"

"నువ్వు నవ్వనంటే."

నవ్వనని ఆమె మాటిచ్చింది. తర్వాతి శనివారం అతను హెల్మెట్ పెట్టుకుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని ఆ బుల్లి సీటు మీద కూర్చుంటే, మాట నిలబెట్టుకోవడం కష్టమే అయింది. సీటు వెనక పట్టుకుని పక్కన పరిగెత్తింది. రెండు చుట్లు సవ్యంగానే తిరిగాడు. మూడో చుట్టులో ఆమె చెయ్యి వదిలేసిన సంగతి తెలిసి, వెనక్కి తిరిగి చూసి, సరాసరి పెరటి మూలనున్న గోంగూర మడిలోకి పోయి పడ్డాడు. దెబ్బేమీ తగల్లేదు. మట్టిలోంచి లేచి కూర్చుని, ముందు ఇంజన్ ఆపి, "నువ్వు వదిలాక ఎంత దూరం వచ్చాను?" అని అడిగాడు.

అడుగులు వేసి కొలిచింది మల్లేశ్వరి. ఇరవై ఏడు. ఆ పూట వాళ్ళింట్లో గోంగూర పచ్చడి.